తినేవాళ్ళ ముఖం చూడండి

అన్నం దగ్గర – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే పసిబిడ్డ తల్లి రాసినదీ, డెబ్బై ఆరేళ్ళ అమ్మ గురించి కొడుకు రాసినదీ పక్కపక్కనే కనిపించాయి. ఒకరు పెడుతుంటే బిడ్డ తినడం లేదు. ఇంకొకరు పిలుస్తుంటే అమ్మ రావడం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా జంగారెడ్డిగూడెం, చింతలపూడి వైపు ఊళ్ళన్నీ తిరిగినదాన్ని. వంటిళ్ళలో కూర్చుని చూసిన సంగతులతోనే జవాబులు రాస్తున్నాను.

మా పాపకు ఏడున్నర నెలలు. ఏడో నెల రాగానే అన్నప్రాశన చేశాం. అప్పటి నుంచి పెట్టిన ప్రతి ముద్దనూ నాలుకతో బయటకు తోసేస్తోంది. మా అత్తయ్యగారు కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయమంటారు, ముక్కు మూస్తే తనే మింగుతుందంటారు. మా వారు ఫోనులో పాటలు పెట్టి తినిపిస్తున్నారు. పాలలో నానబెట్టిన బిస్కట్టు మాత్రం ఇష్టంగా తింటోంది. అదే ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ఆ ముక్కు మూయడం మాత్రం ఇవాళే ఆపించండి. ముక్కు మూస్తే బిడ్డ ఊపిరి కోసం నోరు తెరుస్తుంది. ఆ ఊపిరితో పాటే ఉగ్గు కూడా గాలిగొట్టంలోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి పోసినా అదే ప్రమాదం. మా పెద్దవాడికి ఎనిమిదో నెలలో నేనూ అలాగే పోశాను. రెండు కాళ్ళ మధ్య పడుకోబెట్టుకుని, చేతులు పట్టుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా. ఒకరోజు వాడు దగ్గుతూ దగ్గుతూ నీలంగా మారాడు. మా అమ్మ పరుగున వచ్చి బోర్లా తిప్పి వీపు తట్టింది. ఆ నీలం రంగు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆ తర్వాత నేను తిరిగిన ప్రతి ఊళ్ళో తల్లులను కూర్చోబెట్టి ముందుగా ఈ మాటే చెప్పాను.

పాప తోసేయడం తిండి వద్దని కాదు. ఆరు నెలలు పాలు చప్పరించిన నాలుక అది. ముందుకు తోయడమే దానికి తెలుసు. గట్టి పదార్థాన్ని వెనక్కి జరిపి మింగడం కొత్తగా నేర్చుకోవాలి. ఒకే రుచిని ఎనిమిది పదిసార్లు, వేరువేరు రోజుల్లో చూపిస్తే గానీ కొందరు పిల్లలు ఒప్పుకోరు. మూడోసారికే ‘మా పాపకు పప్పు పడదు’ అని తీర్మానించిన తల్లులను ఎంతమందినో చూశాను. నెల తర్వాత అదే పాప అదే పప్పు తినడమూ చూశాను.

ఎలా పెట్టాలంటే, పాపను ఒళ్ళో నిటారుగా, ముఖం మీకు కనిపించేలా కూర్చోబెట్టుకోండి. చెంచా పెదవుల దగ్గర ఆపి, తను నోరు తెరిచేదాకా ఆగండి. తల పక్కకు తిప్పుకుంటే, నోరు బిగిస్తే, చెంచాను చేత్తో నెట్టేస్తే ఆ పూటకు చాలని అర్థం. రెండు మూడు చెంచాలతో, రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టండి. ఎనిమిది నెలలు నిండేసరికి పావు లీటరు పట్టే గిన్నెలో సగం దాకా, రోజుకు రెండు మూడుసార్లు తింటే సరిపోతుంది. తల్లిపాలు మానకండి. రెండేళ్ళు నిండేదాకా, ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు.

ఉగ్గు మంచిదే. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, చిటికెడు జీలకర్ర వేసి, సన్నటి రవ్వలా పట్టించండి. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే. అయితే మన ఇళ్ళలో ఉగ్గు మరీ పలుచన చేస్తారు. గిన్నెలోంచి ధారగా జారిపోయే ఉగ్గులో నీళ్ళే ఎక్కువ. బిడ్డ చిన్న పొట్ట నిండుతుంది గానీ బలం రాదు. చెంచా వంచితే వెంటనే కారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. ఉడికాక అర చెంచా నెయ్యి వేయండి.

ఉగ్గు ఒక్కటే చాలదు. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు ఆరో నెల దాటాక తరిగిపోతాయి, తల్లిపాలలో ఇనుము తక్కువ. అందుకే మెత్తగా మెదిపిన కందిపప్పు అన్నం, పాలకూర పప్పు, బాగా ఉడికిన గుడ్డు ఇప్పటి నుంచే పెట్టాలి. పచ్చసొనే కాదు, తెల్లసొన కూడా. మాంసాహారం తినే ఇల్లయితే కోడి కాలేయం మెత్తగా నలిపి కొద్దిగా పెట్టవచ్చు. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు తెచ్చుకుంటున్నారా? గోధుమ, శనగపప్పు, పాలపొడి కలిసిన పిండి అది. కొందరు పక్కన పడేస్తారు, కొందరు ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుంటారు. అది పాప వాటా, పాపకే పెట్టండి. అందులో చక్కెర ముందే ఉంటుంది, మళ్ళీ కలపవద్దు.

ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర వేయకండి. తేనె అసలు నాకించకండి. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పెద్దవాళ్ళను ఏమీ చేయవు గానీ ఏడాదిలోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబడేలా చేసే విషాన్ని పుట్టిస్తాయి. ఆవుపాలు, గేదెపాలు తాగించడం కూడా ఏడాది తర్వాతే. ఇక బిస్కట్టు అంటే మైదా, చక్కెర, నూనె. తీపి కాబట్టే తింటోంది. దానికి అలవాటు పడిన నాలుకకు పప్పన్నం చప్పగా తోస్తుంది. మానిపించండి, రెండు రోజులు ఏడుస్తుంది, అంతే.

ఫోను సంగతి మీ వారికి నా మాటగా చెప్పండి. తెర చూస్తున్న బిడ్డ నోరు తెరుస్తుంది గానీ తనకు ఆకలి తీరిందో లేదో గమనించుకోదు. పెట్టేవాళ్ళూ బిడ్డ ముఖం చూడరు. మనకు వెన్నెల ఉంది, కాకులున్నాయి, వీధిలో కుక్కపిల్లలున్నాయి. అవేవీ లేకపోతే మీ ముఖం ఉంది.

అత్తయ్యగారి మీద కోపం పెట్టుకోకండి. బిడ్డ ఆకలితో ఉందేమోనన్న దిగులే ఆవిడ చేత అలా అనిపిస్తోంది. ఉగ్గు వేయించే పని ఆవిడకే అప్పగించండి. ఎంత దోరగా వేగాలో ఆవిడకు తెలిసినంత మీకూ నాకూ తెలియదు. పెట్టే పని మాత్రం మీ చేతిలో ఉంచుకోండి. నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూచి, కార్డులో గీత పైకి పోతోందో లేదో ఆవిడకే చూపించండి. గీత రెండు నెలలు కదలకుండా ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

పది నెలల బాబుతో నెలకు రెండుసార్లయినా హోటల్లో తింటాం. మేము తింటుంటే వాడు చేతులు చాపుతాడు. ఏం పెట్టవచ్చు?
– యువ దంపతులు, హైదరాబాద్

చేతులు చాపడం ఎంత మంచి లక్షణమో! పిల్లలు పక్కవాళ్ళను చూసే తినడం నేర్చుకుంటారు. వాణ్ణి బయట తిప్పుతూ ఒకరి తర్వాత ఒకరు గబగబా తినకుండా బల్ల దగ్గరే కూర్చోబెట్టుకోండి.

హోటల్లో పసిబిడ్డకు ఇడ్లీని మించినది లేదు. ఆవిరి మీద ఉడుకుతుంది, కారం ఉండదు, వేలితో నొక్కితే నలుగుతుంది. పిండిలో కొద్దిగా ఉప్పుంటుంది, నెలకు రెండుసార్లకు పరవాలేదు. పొగలు వచ్చేది అడిగి తెప్పించుకోండి, చట్నీ, సాంబారు తాకించకండి. భోజనం హోటలైతే తాలింపు వేయని ముద్దపప్పు ఉందేమో అడగండి. చాలాచోట్ల ఉంటుంది, పసివాడి కోసమంటే వంటాయన ప్రేమగా గిన్నెలో వేసి పంపిస్తాడు. సూర్యాపేట దగ్గర దారిపక్క హోటల్లో నా మనవరాలికి అలా పంపిన పప్పన్నం మీద నెయ్యి కూడా ఉంది. నీళ్ళు మాత్రం ఇంటి నుంచి కాచి చల్లార్చినవి తీసుకువెళ్ళండి. కోసి పెట్టిన పండ్లు, ఎప్పుడు తోడు పెట్టారో తెలియని పెరుగు, పొద్దున వండి బయటే ఉంచిన అన్నం వద్దు. వండిన అన్నం గంటల తరబడి వేడీ చల్లా కాకుండా ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఏదీ నచ్చకపోతే అరటిపండు ఉంది. తొక్క మీరే తీసి పెట్టవచ్చు.

నాకు భయమంతా గొంతుకు అడ్డం పడే వాటి గురించే. పులిహోరలో వేరుశనగ గుళ్ళు, బిర్యానీలో జీడిపప్పు, గుండ్రటి ద్రాక్షపండు, బిల్లు కట్టేచోట గిన్నెలో పెట్టే చక్కెర పూత సోంపు. ఆ చివరిది ముద్దు చేస్తూ ఎవరో ఒకరు నోట్లో వేస్తారు, కనిపెట్టుకుని ఉండండి. గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వండి. గొంతు రాక, ఏడుపు రాక, ముఖం రంగు మారితే బాబును మీ ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, భుజాల మధ్య అరచేత్తో ఐదుసార్లు గట్టిగా చరవండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య అరచేతి మొదలుతో ఐదుసార్లు నొక్కండి. వస్తువు బయటపడేదాకా ఆ రెండూ మార్చి మార్చి చేస్తూనే ఉండండి, పక్కవాళ్ళ చేత 108కి ఫోను చేయించండి. కనిపించని దానికోసం గొంతులో వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇది ఏడాదిలోపు పిల్లలకు చేసే పద్ధతి. దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సమ్మను అడిగి ఒక్కసారి బొమ్మ మీద చేసి చూడండి.

హోటలు బిల్లులో జీఎస్టీ కాక ‘సర్వీస్ చార్జి’ పది శాతం వేశారు. తీసేయమంటే అందరూ కడుతున్నారన్నారు. కట్టాలా?
– ఒక ఉద్యోగి, విశాఖపట్నం

కట్టనవసరం లేదు. జీఎస్టీ పన్ను, అది కట్టాలి. మామూలు హోటళ్ళలో 5 శాతం. సర్వీస్ చార్జి పన్ను కాదు. బిల్లులో దానంతట అది చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. మర్యాదగా అడగండి, తీయకపోతే 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వడ్డించిన కుర్రవాడు బాగా చూసుకున్నాడనిపిస్తే, ఇవ్వదలచుకున్నది వాడి చేతిలోనే పెట్టండి.

మనవడికి ఆరు నెలలు. న్యూజెర్సీ వెళ్తున్నాను. ఐదు కిలోల ఉగ్గుపిండి పట్టించాను. అక్కడి డాక్టరు మెత్తగా చేయనక్కరలేదు, ముక్కలుగా చేతికివ్వండి, వేరుశనగ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి అన్నారట. నాకు దిగులుగా ఉంది.
– ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

వదినగారూ, దిగులు వద్దు. ముందు ఆ ఐదు కిలోలు ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. ధాన్యంలో చేరే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అక్కడ నిషేధించారు. పిండి కూడా విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలైతే మీ మనసు కష్టపడుతుంది. న్యూజెర్సీలో మన సరుకుల దుకాణాలు ఎన్నో. బియ్యం, పెసరపప్పు అక్కడే కొని, ఇల్లంతా కమ్మటి వాసన వచ్చేలా అక్కడే వేయించండి. మీ అమ్మాయికి కావలసింది ఆ వాసనే.

ముక్కల సంగతికి వస్తే, డాక్టరు చెప్పింది పచ్చి క్యారెట్టు కాదు. వేళ్ళ మధ్య నలిగేంత మెత్తగా ఉడికించినది. ఇడ్లీ ముక్క, ఉడికిన చిలగడదుంప, పండిన అరటి చేతికివ్వవచ్చు. మీ ఉగ్గు ఒక పూట, ఆ ముక్కలు ఒక పూట. రెంటికీ తగువు లేదు. వేరుశనగను పసితనంలోనే పరిచయం చేస్తే తర్వాత దాని అలర్జీ తగ్గుతుందని 2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది, అందుకే అలా అంటున్నారు. గుళ్ళుగా కాదు, మెత్తగా నూరి ఉగ్గులో పలుచగా కలిపి. బాబుకు ఒంటి మీద ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) ఎక్కువగా ఉన్నా, గుడ్డు పడకపోయినా డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

మా అమ్మకు 76 ఏళ్ళు. ఈ ఏడే కట్టుడు పళ్ళు పెట్టించాం. హోటలుకు ఎంత పిలిచినా ‘మీరు వెళ్ళి రండి నాయనా’ అంటుంది. ఇంట్లో ఒక్కతే చారన్నం తింటుంటే మాకు మింగుడు పడడం లేదు. బలవంతంగా తీసుకువెళ్ళమంటారా?
– ఒక కొడుకు, గుంటూరు

బలవంతం వద్దు, బాబూ. ఎందుకు రానంటోందో కనుక్కోండి. అందరిలో అడగకండి, పళ్ళు తీసి కడుక్కునే వేళ పక్కన కూర్చుని అడగండి. నాకు తెలిసిన పెద్దవాళ్ళు చెప్పిన కారణాలు రాస్తాను. నమిలేటప్పుడు పళ్ళు కదిలి చప్పుడవుతుందని సిగ్గు. తమ కోసం అందరూ ఎదురుచూస్తున్నారన్న బెదురు. మరుగుదొడ్డి ఎక్కడుందో, మెట్లెన్ని ఉన్నాయో తెలియకపోవడం. ఏసీ చలి. వీటన్నిటికంటే ఎక్కువగా, ఇడ్లీ ధర చూసి గుండె గుభేలుమనడం.

రద్దీ లేని వేళ, సాయంత్రం ఆరున్నరకు వెళ్ళండి. ముందు మీరొక్కరే వెళ్ళి మెట్లు, మరుగుదొడ్డి చూసి రండి. గోడవైపు కుర్చీలో, ఎవరూ ఎదురుగా చూడని చోట కూర్చోబెట్టండి. శాలువా వెంట ఉంచండి. మెనూలో ఏమేమున్నాయో, ధరలు చెప్పకుండా, మీరే చదివి వినిపించండి. ‘అమ్మకు ఇడ్లీ’ అని ఆమె తరఫున మీరు చెప్పేయకండి. ఇంట్లో ఎలాగూ తినేది అలాంటి మెత్తటివే. పెసరట్టు ఉప్మా అడుగుతుందేమో, ఐస్‌క్రీము అడుగుతుందేమో! అట్టు అంచులు గట్టిగా ఉంటే మెత్తగా కాల్చమని చెప్పవచ్చు, లేదా అల్లప్పచ్చడిలో కాసేపు నాననివ్వవచ్చు. ఆమె తినే వేగానికి మీరూ నెమ్మదించండి. ఆఖరి ముద్ద ఆమె తినేదాకా మీ పళ్ళెంలో కొంచెం మిగుల్చుకోండి.

బిల్లు ఆమె కంట పడనివ్వకండి. తిరిగి వచ్చాక ఏం తిన్నదో, ఏది నచ్చిందో నాకు రాయండి.