సదరం క్యాంపుకి పార్కిన్సన్స్ మాత్రలు వేసుకోకుండా వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 52 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచరు. ఆరేళ్ల క్రితం పార్కిన్సన్స్ అని తేలింది. సిండోపా మాత్రలు రోజుకు ఐదుసార్లు వేసుకుంటారు. మాత్ర పనిచేసినంతసేపు బాగానే ఉంటారు. ఆ పవర్ దిగితే గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. బోర్డు మీద రాసేది చివరి బెంచీకి కనపడదు, గొంతు వినపడదు. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి వెళ్తే వైకల్యం 30 శాతమని రాశారు. ఈసారి మాత్రలు మానేసి వెళ్తే ఎక్కువ రాస్తారని తెలిసినవాళ్లు అంటున్నారు. హెడ్మాస్టరు గారేమో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పెట్టుకోమంటున్నారు. మెడికల్ ఇన్‌వాలిడేషన్ పెడితే, అంటే జబ్బు వల్ల పనిచేయలేరని ముందే రిటైరైతే, మా అబ్బాయికి ఉద్యోగం వస్తుందని బంధువుల మాట. ఆయన ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు మాత్రల సంగతి. ఒక్క పూట కూడా సొంతంగా ఆపించొద్దు. ఆరేళ్లుగా లెవోడోపా (సిండోపాలో ఉండే ముఖ్యమైన మందు) మీద ఉన్న మనిషికి దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే కొందరిలో ఒళ్లంతా కొయ్యబారిపోయి, జ్వరం విపరీతంగా పెరిగి, స్పృహ తప్పి, కండరాలు దెబ్బతిని ఆ ప్రభావం కిడ్నీల మీద పడుతుంది. ఐసీయూలో పెట్టాల్సి వస్తుంది, ప్రాణం మీదకూ రావచ్చు. ఇది అరుదే. కానీ ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. అదీగాక మాత్ర లేకుండా బస్సెక్కి, క్యూలో గంటలు నిలబడి, దారిలో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఆ పర్సెంటేజీ పెరిగి ఏం లాభం?

మాత్ర పవర్ దిగినప్పుడు ఆయన ఎలా ఉంటారో క్యాంపులో పర్సెంటేజీ రాసే మెడికల్ బోర్డుకు తెలియాలి, నిజమే. దానికి పద్ధతైన దారి ఉంది. మీ న్యూరాలజిస్టు దగ్గరకు తర్వాతి మాత్ర వేసుకునే టైముకు కాస్త ముందు చేరేలా వెళ్లండి. ఆ స్థితిలో ఒకసారి, మాత్ర వేసుకున్న గంటకు మరోసారి పరీక్షించి రెండూ విడివిడిగా రాసివ్వమని అడగండి. మేం దీన్ని ఆఫ్, ఆన్ అంటాం. మోతాదు ఆలస్యం చేసి చూడాల్సిన అవసరం ఉంటే అది ఆసుపత్రిలో, డాక్టరు కళ్ల ముందు జరగాలి.

30 శాతమే ఎందుకొచ్చిందో మీ ఉత్తరాన్ని బట్టి ఊహించగలను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకు ముందున్న 1995 చట్టంలో ఏడే ఉండేవి. కొత్తగా చేరినవాటిలో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరుపెట్టి మరీ ఉన్నాయి. కాబట్టి జబ్బు జాబితాలో ఉందా లేదా అన్న పేచీ లేదు. అయితే జబ్బు పేరుకు పర్సెంటేజీ రాదు. ఆ రోజు ఆ మనిషి ఏం చేయగలుగుతున్నాడు, ఏం చేయలేకపోతున్నాడు అన్నదానికే వస్తుంది. మీ వారు బహుశా పదిన్నరకు మాత్ర వేసుకుని, పదకొండున్నరకు టోకెన్ పిలిస్తే లోపలికి వెళ్లి ఉంటారు. అంటే రోజు మొత్తంలో ఆయన బాగుండే గంటలో. పైగా ఇన్నేళ్లలో నేను చూసిన మగవాళ్లలో చాలామంది డాక్టరు ఎదుట నిటారుగా నిలబడతారు, 'పర్లేదు సార్, చేసుకుంటున్నాను' అంటారు. మాస్టారు గారు కూడా అలాగే అని ఉంటారు. వంద మందిని చూడాల్సిన బోర్డు డాక్టరు కాగితం మీద ఏముందో అది చూస్తాడు, ఎదురుగా ఏం కనిపిస్తోందో అది రాస్తాడు. ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేను.

అందుకని ఈసారి కాగితం బలంగా ఉండాలి. ఎంఆర్ఐ ఫిల్ములు సంచినిండా మోసుకెళ్లడం దండగ. పార్కిన్సన్స్‌లో మామూలు ఎంఆర్ఐ చాలావరకు నార్మల్‌గానే ఉంటుంది, అది చూసి 'ఏమీ లేదుగా' అనుకునే ప్రమాదం కూడా ఉంది. దానికంటే రెండు వారాల పాటు ఒక నోటుబుక్కు రాయండి. ఉదయం లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మాత్ర ఎప్పుడు వేశారు, ఎంతసేపటికి పనిచేసింది, ఎన్నింటికి దిగింది, ఎక్కడ ఆగిపోయారు, ఎప్పుడు పడ్డారు. 'నడక ఇబ్బందిగా ఉంది' అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'చొక్కా గుండీలు నేనే పెట్టాలి. అన్నం వేళ్లతో కలుపుకోలేక చెంచా వాడుతున్నారు, అది కూడా ఒలికిపోతోంది. రాత్రి మంచం మీద పక్కకు తిరగాలంటే నన్ను లేపుతారు' అని రాయండి. ఆరేళ్ల కిందటి టీచింగ్ డైరీలో ఒక పేజీ, నిన్న రాసినది ఒక పేజీ పక్కపక్కన జిరాక్స్ తీయించండి. ఈ జబ్బులో అక్షరం పోనుపోను చిన్నదైపోతుంది. పదో తరగతి పేపర్లు దిద్దిన చేయి ఎలా మారిందో ఆ రెండు పేజీలే చెబుతాయి. ఆఫ్‌లో ఉన్నప్పుడు గుమ్మం దాటే వీడియో ఫోన్లో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి. ఆయన ఇచ్చే లెటర్లో జబ్బు ఏ స్టేజీలో ఉంది, రోజులో ఆఫ్ ఎన్ని గంటలు, ఎన్నిసార్లు పడ్డారు, ఏ పనులకు మనిషి సాయం కావాలి, ఇది తగ్గే జబ్బు కాదు పెరిగే జబ్బు అన్న మాట, ఇవన్నీ ఉండాలి. 'కేస్ ఆఫ్ పీడీ, ఆన్ ట్రీట్‌మెంట్' అని ఒక్క వాక్యం రాసిస్తే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చి మళ్లీ రాయించుకోండి.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఒక మనిషికి రెండు రకాల వైకల్యాలుంటే వాటిని మామూలు కూడిక చేయరు. ఎక్కువున్నదాన్ని అలాగే ఉంచి, తక్కువున్నదాన్ని 90లో మిగిలిన భాగానికి తగ్గించి కలుపుతారు. ఉదాహరణకు నడకకు, చేతులకు 30, మాటకు 15 వచ్చిందనుకోండి. 15ను 60తో హెచ్చించి 90తో భాగిస్తే 10. మొత్తం 40. ఇది ఉదాహరణ మాత్రమే, మీ వారికి ఇంతే వస్తుందని చెప్పడం లేదు. గొంతు వినపడటం లేదని రాశారు కాబట్టి ఈఎన్‌టీ, స్పీచ్ థెరపిస్టు పరీక్ష చేయించి ఆ రిపోర్టు కూడా జతచేయండి. బోర్డు దాన్ని విడిగా లెక్కలోకి తీసుకుంటే తేడా వస్తుంది. చాలా ప్రయోజనాలకు గీత 40 దగ్గరే ఉంది. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) కూడా 40 లోపు తెలుపు, 40 నుంచి 79 దాకా పసుపు, 80 ఆపైన నీలం రంగులో వస్తుంది.

సర్టిఫికెట్‌లో టెంపరరీ అని ఉందో, పర్మనెంట్ అని ఉందో చూసుకోండి. జబ్బు పెరిగిందని కొత్త రిపోర్టులతో రీఅసెస్‌మెంట్ అడగొచ్చు. స్లాట్ సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ అవుతుంది. ఇచ్చిన నిర్ణయమే తప్పనిపిస్తే 2016 చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లొచ్చు.

ఇక ఉద్యోగం. హెడ్మాస్టరు గారు మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు, కానీ ఆ సలహా వినకండి. అదే చట్టంలో 20వ సెక్షన్, నాలుగో ఉపవిభాగం ఒకసారి ఎవరిచేతనైనా చదివించుకోండి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకు పనికిరాకపోతే అదే పేస్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా, అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచవచ్చు. ఈ రక్షణకు 40 శాతం ఉండాలన్న షరతు ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఇదే దారిలో తీర్పిచ్చింది. రంగులు గుర్తించలేకపోతున్నాడని 2016లో ఇంటికి పంపిన మనిషికి అదే జీతంతో వేరే పని ఇమ్మంది. మీ వారికి ఏపీలో రిటైర్మెంట్ 62కు. అంటే ఇంకా పదేళ్ల జీతం. దాన్ని ఒక సంతకంతో వదులుకోకూడదు.

వెంటనే పోస్టు మారాల్సిన పని కూడా లేకపోవచ్చు. కింది అంతస్తులో క్లాసులు, మాత్ర బాగా పనిచేసే వేళల్లో పీరియడ్లు, మెడలో వేసుకునే చిన్న మైకు, బోర్డుకు బదులు బడిలో ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంటే దాని మీద పాఠం, ఎన్నికల డ్యూటీ నుంచి మినహాయింపు. ఇలాంటి సర్దుబాట్లు చేసిపెట్టడం కూడా చట్ట ప్రకారం యాజమాన్యం బాధ్యతే. నోటిమాటగా అడగొద్దు. న్యూరాలజిస్టు లెటర్ జతచేసి హెడ్మాస్టరు ద్వారా డీఈఓకు (జిల్లా విద్యాశాఖాధికారికి) అర్జీ పెట్టి, అందినట్టు సంతకం తీసుకోండి.

మెడికల్ ఇన్‌వాలిడేషన్ వేరే వ్యవహారం. ఏ పనికీ పనికిరాని తీవ్రస్థితి అని మెడికల్ బోర్డు తేల్చాలి. రోజులో కొన్ని గంటలైనా చక్కగా పాఠం చెప్పగలుగుతున్న మనిషి ఆ కోవలోకి రారు. అబ్బాయి ఉద్యోగం కోసం తండ్రిని ఆ కోవలోకి నెట్టే ఆలోచన ఇంట్లో నలుగురూ కూర్చుని చేస్తుంటే, ఆ మాట ఆయన చెవిన పడుతోందేమో ఒకసారి చూడండి.

పన్ను సంగతి క్లుప్తంగా. పాత పన్ను విధానంలో ఉంటే, 40 శాతం సర్టిఫికెట్ వచ్చాక పార్కిన్సన్స్ వైద్యం ఖర్చుకు ఏడాదికి 40 వేల దాకా మినహాయింపు ఉంటుంది. చలన వైకల్యం కింద నమోదైతే మరో 75 వేలు, 80 శాతం, ఆపైన ఉంటే 1.25 లక్షలు. కొత్త విధానంలో ఇవి రావు.

ఇదే జబ్బుతో ఉన్నా ప్రభుత్వ ఉద్యోగం లేనివాళ్లకు దారి వేరు. ఏపీలో వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి, కుటుంబ ఆదాయ పరిమితిలో ఉంటే 2024 జులై నుంచి నెలకు 6,000 పింఛను. పక్షవాతంతో, తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 4,016. కంపెనీలో పనిచేస్తూ ఈఎస్ఐ కడుతున్నవారికైతే పార్కిన్సన్స్ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది, అర్హత ఉంటే మామూలు సిక్ లీవు డబ్బు అయిపోయాక కూడా వేతనంలో 80 శాతం రెండేళ్ల దాకా ఇచ్చే వీలుంది. ఈ సంగతి తెలియక ఉద్యోగం మానేసి ఆ తర్వాత మా దగ్గరకు వచ్చేవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది.

చివర్లో ఒక్క ముక్కలో రాశారు, ఎవరితోనూ మాట్లాడటం లేదని. నాకు క్యాంపు కంటే అదే ఎక్కువ ఆందోళనగా ఉంది. పార్కిన్సన్స్‌లో డిప్రెషన్ చాలా మామూలు. మనసు కష్టపడటం వల్లే కాదు, మెదడులో జరిగే మార్పుల వల్ల కూడా వస్తుంది. ముఖంలో భావాలు తగ్గిపోవడం ఈ జబ్బు లక్షణమే కాబట్టి ఇంట్లోవాళ్లు దాన్ని గుర్తుపట్టరు. నిద్ర, తిండి, పిల్లలతో మాట ఎలా ఉన్నాయో గమనించి న్యూరాలజిస్టుకు చెప్పండి, మందులున్నాయి, పనిచేస్తాయి. బతకడం ఎందుకన్న మాట గనక ఆయన నోట వచ్చి ఉంటే, సదరం స్లాటు పక్కనపెట్టి ఈ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.