స్పగెటీ కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి

విదేశాలకు కొత్తగా వచ్చినవాళ్లు సూపర్‌మార్కెట్‌లో పాస్తా వరుస ముందు నిలబడి ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతారు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ధరలు మాత్రం వేర్వేరుగా ఉంటాయి. ముందున్న బొమ్మను పట్టించుకోకండి. వెనక ఏం రాశారో చదవండి.

స్పగెటీ అంటే పొడవాటి సన్నని పోగుల పాస్తా. ఎండు స్పగెటీకి కావాల్సినవి డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. ఇటలీలో ఎండు పాస్తాకి డ్యూరమే వాడాలని 1967లో చట్టమే చేశారు. ఈ గోధుమ గట్టిది, ప్రొటీన్ ఎక్కువ, అందుకే ఉడికినా పోగు పోగుగా నిలుస్తుంది. మామూలు గోధుమపిండి కలిస్తే త్వరగా మెత్తబడి ముద్దవుతుంది. 100 గ్రాములకు ప్రొటీన్ 13 గ్రాములో, ఆపైనో ఉన్నది తీసుకోండి. అమెరికాలో ఐరన్, నియాసిన్, ఫోలిక్ యాసిడ్ కూడా రాసి ఉంటే టెన్షన్ పడకండి, అవి విడిగా కలిపిన పోషకాలు.

ఇక పోగుల్ని దగ్గరగా చూడండి. కంచు అచ్చులోంచి తీసినవి పాలిపోయి, పిండి చల్లినట్టు గరుకుగా కనిపిస్తాయి. సాస్ వాటిని బాగా పట్టుకుంటుంది. టెఫ్లాన్ అచ్చువి నున్నగా, పసుపుగా మెరుస్తాయి, సాస్ జారిపోతుంది. నా మటుకు నేను ధర కాస్త ఎక్కువైనా కంచు అచ్చువే కొంటాను. నేపుల్స్ దగ్గరి గ్రన్యానో పాస్తాకి 2013లో ఐరోపా సంఘం పీజీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే) గుర్తింపు ఇచ్చింది. బాగుంటుంది, కానీ రోజూ వండుకోవడానికి అదే కావాలనేం లేదు.

ప్యాకెట్ మీది అంకె నాణ్యతకి గుర్తు కాదు. బరిల్లా బ్రాండ్‌లో 5, డె చెక్కో బ్రాండ్‌లో 12, రెండూ స్పగెటీయే. సన్నవి కావాలంటే స్పగెటీనీ, లావువి కావాలంటే స్పగెటోనీ అని చూడండి.

శాకాహారులు మాత్రం జాగ్రత్త. ఎండు స్పగెటీలో సాధారణంగా గుడ్డు ఉండదు, ఫ్రిజ్ అరలో అమ్మే తాజా పాస్తాలో తరచూ ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు సాస్‌తోనే. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌కి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ (పాలను విరగ్గొట్టే పదార్థం) వాడతారు. సీసాల్లో దొరికే పెస్టో అనే ఆకుపచ్చ సాస్‌లో అలాంటి చీజ్ ఉండొచ్చు. పుట్టనెస్కా అనే టమాటా సాస్‌లో ఆంచోవీ చేపలు వేస్తారు. ప్రతిసారీ చదివే కొనండి.

వండేటప్పుడు మనిషికి 100 గ్రాములు, దానికి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. నూనె వద్దు, విరవొద్దు, ఉడికాక చన్నీళ్లతో కడగొద్దు. ప్యాకెట్ మీది సమయానికి రెండు నిమిషాల ముందే తీసి సాస్‌లో వేయండి. ఉడికిన నీళ్లు మొత్తం పారబోయకుండా ఒక కప్పు పక్కన పెట్టుకుని, కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ఆ గంజి వల్లే సాస్ చిక్కబడి ప్రతి పోగుకీ అంటుకుంటుంది.