ముందు వడ్డీ ఎక్కడ ఆగుతుందో చెప్పండి

ఆధ్యాత్మిక విలువల మీద ఆర్థిక వ్యవస్థను నడపడం సాధ్యమా, లేక అవి ఉపన్యాసాలకే పరిమితమా అని అడిగారు.

సాధ్యమే. హైదరాబాదులో చిన్న ఎత్తున నడుస్తూనే ఉంది. బేగంబజారులో ఒక టోకు సామాన్ల దుకాణంలో ఏళ్ళ తరబడి లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి, ఈ ప్రశ్నకు పండితుల కంటే గుమాస్తాలే బాగా జవాబు చెప్పగలరని నా గట్టి నమ్మకం. మనిషి ఎంత ధర్మాత్ముడో తెలియాలంటే, బాకీదారు కట్టలేకపోయిన నెలలో అతని పేరు కింద ఏమి రాశాడో చూడాలి.

మా యజమాని ఏటా శ్రావణంలో ఘనంగా అన్నదానం చేసేవారు. అదే మనిషి తోపుడుబండ్ల వాళ్ళకు గిరిగిరి అప్పులిచ్చేవారు. పదివేలని రాయించుకుని, పదిహేను వందలు ముందే పట్టుకుని, మిగిలింది చేతిలో పెట్టడం. రోజుకు వంద చొప్పున వంద రోజుల్లో పదివేలూ వసూలు. ఒక రోజు తప్పితే జరిమానా. అన్నదానం ఖర్చు, గిరిగిరి వసూళ్ళు రెండూ ఒకే పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో నేనే రాసేవాణ్ణి. దేవుడి దగ్గర ఆ రెండు పేజీలకూ చెల్లు అని ఆయన అనుకునేవారేమో. ఈ ఊళ్ళో అలా అనుకునేవాళ్ళకు కొదవ లేదు.

మా వీధిలో ఒక దర్జీ ఉండేవాడు. భార్యకు ఆపరేషన్ అంటే ఆమె గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. "అన్నా, కాగితాలు చదవడం మీకు అలవాటు, ఒకసారి తోడు రండి" అన్నాడు. పాతబస్తీలో వడ్డీ లేని అప్పులిచ్చే సొసైటీకి వెళ్ళాం. మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఒకే గది, గోడ మీద ఖురాను రెండో అధ్యాయంలోని 280వ వాక్యం, ఉర్దూలో అర్థంతో సహా: బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వండి, అప్పు మాఫీ చేస్తే మీకే మేలు అని. గుమాస్తా గాజులు తూచి, రాళ్ళ బరువు తీసేసి, తెల్లగుడ్డ సంచిలో వేసి మూతి కుట్టాడు. దర్జీ ఆ కుట్టు చూసి ఊరుకోలేకపోయాడు. ఇటివ్వండి అని సూది తీసుకుని, వేసిన కుట్లు విప్పి, దగ్గర దగ్గరగా మళ్ళీ కుట్టి ఇచ్చాడు. గుమాస్తా ఏమీ అనకుండా దాని మీద లక్క కరిగించి ముద్ర వేశాడు.

నా వృత్తిబుద్ధి ఊరుకోదు కదా, సర్వీసు ఛార్జీ అని రాశారే, అదేమిటని నిలదీశాను. గది అద్దె, జీతాలు, కరెంటు, లాకరు ఖర్చు కలిపి అప్పు తీసుకున్నవాళ్ళకు పంచుతామన్నాడు. రోజులు గడిచేకొద్దీ పెరగదు. కట్టడం ఆలస్యమైతే? వచ్చి చెబితే గడువు రాసిస్తామన్నాడు. గడువు మీద ఎంత వేస్తారు అన్నాను. "దేనికి?" అని నన్నే అడిగాడు. బేగంబజారులో ఆ మాట అన్న గుమాస్తాకు మర్నాటి నుంచి పని ఉండదు.

ఇది పాతబస్తీ అమాయకత్వమని కొట్టిపారేసే చదువుకున్నవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940లలోనే ఇస్లాం దృష్టితో వడ్డీ సిద్ధాంతాన్ని విమర్శిస్తూ ఒక పుస్తకమే రాశారు. పరాయి ఊళ్ళలో దాన్ని చదువుతారు, మన దగ్గర ఆయన పేరు తెలిసినవాళ్ళెందరు?

మన శాస్త్రాల్లో లేదా అంటే, ఉంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ప్రకారం ఒకేసారి వసూలు చేసేటప్పుడు అసలు, వడ్డీ కలిసి అసలుకు రెట్టింపు దాటకూడదు. అంటే వడ్డీ అసలును మించరాదు. అదే అధ్యాయం నెలకు నూటికి బ్రాహ్మణుడి దగ్గర రెండు, శూద్రుడి దగ్గర ఐదు తీసుకోవచ్చని కూడా చెబుతుంది. మొదటి మాట ధర్మం, రెండోది దోపిడీ. రెండింటినీ కలిపి సనాతనమని నెత్తిన పెట్టుకోమంటే నా వల్ల కాదు. ఆ మొదటి మాటే మన చట్టంలోకీ వచ్చింది. వారం వారం వాయిదాలు కట్టలేక పల్లెల్లో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకున్నాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చారు. దాని వెనకే వచ్చిన చట్టం కూడా, వడ్డీ అసలును మించి వసూలు చేయకూడదని స్పష్టంగా రాసింది.

దానధర్మాలతో సమాజం మారుతుందనేవాళ్ళకు ఒక మాట. 1951 ఏప్రిల్‌లో గాంధీ శిష్యుడు వినోబా భావే వార్ధా వైపు నుంచి నడిచి మన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అక్కడి నుంచి తెలంగాణ పల్లెలు తిరుగుతూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. భూమి లేని దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలుంటే చాలన్నాయి, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానని లేచి నిలబడ్డారు. ఆ క్షణం గొప్పదే. భూదానోద్యమం అలా మొదలైంది. కానీ తర్వాత దేశమంతటా దానంగా రాసిచ్చిన భూమిలో చాలా భాగం పేదల చేతికి చేరనేలేదు. ఈరోజు హైదరాబాదు శివార్లలో భూదాన భూముల మీద నడుస్తున్న తగాదాలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఇచ్చిన చేతికి దండలు వేశారు, దస్తావేజులు చూసేవాడు లేకపోయాడు.

మా బావమరిది బ్యాంకు ఉద్యోగి. వడ్డీ లేకపోతే డబ్బు దాచేదెవరు అంటాడు. ఆ పాతబస్తీ సొసైటీలో రోజూ ఇరవై, ముప్ఫై కట్టే పండ్లబండి వాళ్ళు దాస్తున్నారు, వాళ్ళకు కావలసింది సొమ్ము పోకుండా ఉండటం. ఇలాంటి సొసైటీలతో ఫ్యాక్టరీలు కట్టలేం, నిజమే. అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది: తాకట్టుకు బంగారం లేకపోతే ఇద్దరు జామీనుదారులు కావాలి. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఆ ఇద్దరూ దొరక్క, ఫోనులో ఏదో యాప్ ద్వారా అప్పు తీసుకుంది. వాయిదా తప్పగానే ఆమె ఫోనులో ఉన్న నంబర్లన్నింటికీ కాల్స్ వెళ్ళాయి, నాకూ వచ్చింది. మాట్లాడిన కుర్రవాణ్ణి, ఆమె అసలెంత, మీ వడ్డీ ఎక్కడ ఆగుతుంది అని అడిగాను. ముందు మీరు ఆమెకు ఏమవుతారో చెప్పండి అన్నాడు.