గానుగ పెడుతున్న మా చెల్లెలి కూతురికి

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి కర్నూలులో కట్టె గానుగ పెడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. మన ఇంట్లో ఈ పని నాతోనే ఆగిపోతుందనుకున్నాను. నువ్వు పంపిన లెక్కల కాగితం కూడా చదివాను. మొదటి వరుసలోనే "రిఫైన్డ్ నూనె ధరకు దగ్గరగా అమ్మాలి" అని రాసుకున్నావు. ముందు ఆ వరుస కొట్టివెయ్యి.

పెద్ద మిల్లులో గింజను యంత్రంలో పిండుతారు. మిగిలిన పిప్పిని, అంటే చెక్కను, హెక్సేన్ అనే ద్రావకంలో నానబెట్టి, అందులో నూటికి ఒక పాలు కూడా నూనె మిగలకుండా లాగేస్తారు. మన గానుగ చెక్కలో నూటికి పది పాళ్ళ దాకా నూనె ఉండిపోతుంది. మొదటి అడుగులోనే వాళ్ళకూ మనకూ అంత తేడా. పైగా దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచిన సుంకాన్ని 2025 మే నెలాఖరులో 10 శాతానికి దించారు. ఢిల్లీలో ఒక ఉత్తర్వు వస్తే కిరాణా కొట్టులో ప్యాకెట్ ధర మారుతుంది. నీ ధర ఆ ప్యాకెట్‌కు ముడిపెట్టుకుంటే గానుగ పగ్గం నీ చేతిలో ఉండదు.

నీ ధర నీ గింజ నుంచి కట్టుకో. వంద కిలోల వేరుశనగ గింజలు ఆడిస్తే 40 కిలోల నూనె దిగితే మంచి పంట. అంటే సుమారు 44 లీటర్లు. గింజ కిలో 130 రూపాయలు అనుకో. గింజ ఖర్చే లీటరుకు 295 అవుతుంది. 55 కిలోల చెక్క వస్తుంది. కిలో 40 చొప్పున పాడి రైతులకు అమ్మితే లీటరుకు 50 రూపాయలు వెనక్కి వస్తాయి. కరెంటు, కూలి, సీసా, అద్దె, నీ జీతం ఇంకా కలపకముందే 245 దగ్గర నిలబడ్డావు. ఈ లెక్క నువ్వు అడిగినవాళ్ళందరికీ చూపించు, దాచాల్సిందేమీ లేదు. నా దగ్గర కొన్నవాళ్ళలో ఈ లెక్క విన్నాక బేరమాడినవాళ్ళు తక్కువ.

నీకు పెద్ద బజారు అక్కరలేదమ్మా. నెలకు మూడు లీటర్లు వాడే 300 ఇళ్ళు చాలు. అంటే 900 లీటర్లు, రెండు టన్నుల గింజలు. గంటకు పదిహేను కిలోల వాయి చొప్పున నెలకు పాతిక రోజులు, రోజుకు ఐదారు వాయిలు. ఒక గానుగ, ఇద్దరు మనుషులు దానికి సరిపోతారు. ఆ 300 ఇళ్ళు కూడా ఒక్కసారిగా రావు. సొంత గింజలు తెచ్చి కూలికి ఆడించుకునేవాళ్ళను మొదట్లో ఎప్పుడూ వెనక్కి పంపకు. తమ గింజ తమ కళ్ళముందు నూనెగా మారడం చూసిన మనిషి, వచ్చే నెల నీ గింజ నూనె అడుగుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మిల్లు నూనెను క్షారంతో కడుగుతారు, రంగు తీస్తారు, ఆవిరితో వాసన పోగొడతారు. గింజలో లోపం ఉంటే, బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం ఉన్నా సరే, ఆ శుద్ధిలో చాలామటుకు పోతుంది. మనకు ఆ శుద్ధి లేదు. గింజలో ఏది ఉంటే అదే సీసాలోకి వస్తుంది. గుడ్డతో ఎన్నిసార్లు వడగట్టినా అంతే. అందుకే మన పని గింజ కొనేచోటే సగం అయిపోతుంది.

ఒక ఏడాది కోతల వేళ వానలు పట్టాయి. చవకగా వస్తున్నాయని తడి ఆరని కాయలు ఎనిమిది బస్తాలు కొన్నాను. నూనె చూడటానికి బాగానే ఉంది, నాలుక మీద వేసుకుంటే చివర్లో చిరుచేదు. చెక్క పక్కింటి గేదె ముందు పెడితే ఒక్కసారి వాసన చూసి మూతి తిప్పుకుంది. అప్పటికే పన్నెండు ఇళ్ళకు సీసాలు వెళ్ళిపోయాయి. ఒక్కో గడప ఎక్కి నూనె వెనక్కి తెచ్చుకున్నాను, డబ్బు తిరిగిచ్చాను. నలుగురు మళ్ళీ నా దగ్గర కొనలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే ఆ ఇళ్ళలో పసిపిల్లలు ఉన్నారు. బూజు చెక్క తిన్న పశువు పాలలోకి కూడా ఆ విషం దిగుతుంది.

కాబట్టి గింజలు కాదు, కాయలు కొను. తొక్కలో ఉన్న గింజ ఎక్కువ కాలం నిలుస్తుంది, ఆడించేముందు ఒలిపించుకోవచ్చు. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనాలి. గింజ నలిపితే పొర ఊడిరావాలి, కొరికితే పుటుక్కుమనాలి. బస్తా పైన చూసి మోసపోకు, మోచేతి దాకా చెయ్యి పెట్టు, లోపల వెచ్చగా తగిలితే వదిలెయ్యి. పంట చివర్లో బెట్ట తగిలిన చేను కాయల్లో ఈ బూజు ఎక్కువ, మన అనంతపురం వైపు అది మామూలే, అందుకని చేను ఎలా సాగిందో రైతును అడుగు. ముడుచుకున్నవీ, పచ్చగా బూజు పట్టినవీ ఏరించడానికి ఇచ్చే కూలి దండగ అనుకోకు. ఏడాదికి రెండుసార్లయినా నూనెను ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ కాగితం గోడకు తగిలించు.

ఆడేటప్పుడు నీళ్ళు చిలకరించడంలో చెయ్యి బిగబట్టు. నూనెను నాలుగైదు రోజులు తేరుకోనిచ్చి, మడ్డి కదలకుండా పైది తీసుకో. తడి మిగిలితే నెల తిరగకుండా కనరు వాసన వస్తుంది. సీసాలు కంటితో కాదు, కాటా మీద నింపు, లీటరుకు 910 గ్రాములు.

సీసా మీద "కొలెస్ట్రాల్ లేదు" అని వేయిస్తానన్నావు. ఏ గింజ నూనెలోనూ అది ఉండదు, ప్యాకెట్ నూనెలో కూడా. నిజమే కానీ, మనదే గొప్ప అన్నట్టు చెప్పడం మోసం. మోకాళ్ళ నొప్పులు, షుగరు తగ్గుతాయని కూడా రాయకు, ఎదుటివాళ్ళ నూనెను విషమనీ అనకు. ఏ ఊరి కాయ, ఏ రోజు ఆడించావు అన్నది రాయి.

ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి, చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు మొదటి నెలలోనే చేయించుకో. యంత్రానికి అప్పు కావాలంటే, చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఇస్తూ వచ్చారు. అది ఇంకా ఉందో లేదో, నీకు వర్తిస్తుందో లేదో బ్యాంకులో కనుక్కున్నాకే గానుగకు అడ్వాన్సు ఇవ్వు.

పెద్ద దుకాణాలు పిలుస్తాయి. నన్నూ ఒకరు పిలిచారు. అరవై సీసాలు తీసుకుని, నాలుగు నెలలు డబ్బు ఇవ్వక, ఎండ పడే అద్దాల దగ్గర పెట్టి, రంగు మారాక సగం తిప్పి పంపారు. మనలాంటి చిన్నవాళ్ళకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది, అది అప్పుడు నాకు తెలియదు. నువ్వు మాత్రం కాగితం మీద రాయించుకోకుండా ఒక్క సీసా కూడా అప్పు ఇవ్వకు.

కార్తీకంలో కొత్త కాయలు వస్తాయి. దీపావళి కాగానే నా దగ్గరికి వచ్చెయ్యి. కదిరి పక్కన నేను ఇరవై ఏళ్ళుగా కొనే రైతుల ఇళ్ళకు నిన్ను తీసుకువెళ్తాను. వచ్చేటప్పుడు మంచి కాటా ఒకటి తెచ్చుకో, నాది పాతబడింది.

మీ పెద్దమ్మ