తోటలో గదికి కడకాలు ఎంత లోతు? లోతు తర్వాత, ముందు మూల చూడండి

అడిగిన ప్రశ్న ఇది: చంద్రగిరి పక్కన మామిడితోటలో భార్యాభర్తలిద్దరూ శని ఆదివారాలు ఉండటానికి ఒక గది కట్టుకుంటున్నారు. వెలుపలి కొలత 12×16 అడుగులు, తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన రేకులు. ముగ్గు, అంటే గోడలు వచ్చేచోట నేల మీద గీసే గీతలు, వాళ్ళే పోసుకుంటారట. కడకాలు, అంటే పునాదులు, ఎంత లోతు తవ్వాలి అని అడిగారు.

లోతు సంగతి తొందరగా తేలిపోతుంది. ఎర్రమట్టి కింద గట్టి మొరం తగిలే నేలలో ఒంటి గదికి మూడడుగులు చాలు. పునాదులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 1904 కనీసం 50 సెంటీమీటర్లు అంటుంది కానీ అది కనీసం మాత్రమే. తోటంటే దున్నిన నేల, పైన అడుగున్నర వరకూ మెత్తగా ఉంటుంది, వేళ్ళుంటాయి. అదంతా దాటి, గడ్డపార ఎత్తి వేస్తే ఖంగుమని వెనక్కి తన్నాలి. దిగబడిందంటే ఇంకా తవ్వాలి. చెరువు కింద నల్లమట్టి అయితే ఈ మూడడుగుల లెక్కే పనికిరాదు. అది ఎండలో నెర్రెలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. అక్కడ ఇంజనీరును తీసుకెళ్ళి చూపించాల్సిందే. ఇంతే.

అందరూ లోతే అడుగుతారు. దారం ఎక్కడ కట్టాలి, ఆ దారం తవ్వకం అయ్యాక కూడా దొరుకుతుందా అని ఒక్కరూ అడగరు. అర అడుగు ఎక్కువ తవ్వితే పోయేది కాస్త రాయి, కాస్త సిమెంటు. మూల తప్పితే మాత్రం ఆ గదిలో పడుకున్న ప్రతిసారీ కనిపిస్తుంది.

పాకాల వైపు ఒక తోటలో జరిగింది చెబుతాను. అక్కడా ఇద్దరే, ఇదే 12×16. కొలతలు చక్కగా తీశారు, కర్ణాలు రెండూ ఇరవై అడుగులు కచ్చితంగా వచ్చాయి, ముగ్గు గీత గీసినట్టు పడింది. తప్పల్లా గుంజలు ముగ్గుకు అడుగు దూరంలోనే కొట్టడం. పొద్దున జేసీబీ వచ్చింది. గంటన్నరలో కడకాలు అయిపోయాయి, గుంజలన్నీ మట్టికుప్ప కింద పడ్డాయి. మరునాడు బేల్దారి (తాపీమేస్త్రి) వచ్చి, కడకాలకు తవ్విన కాలువ నడిమధ్యన కంటిచూపుతో దారం లాగి రాతికట్టు మొదలుపెట్టాడు. జేసీబీ కాలువ అంచు ఒకచోట ఇటు, ఒకచోట అటు విరిగి ఉంటుంది కదా, దాని మధ్య గదికి మధ్య ఎందుకవుతుంది? ఒక పొడుగు గోడ దాని పొడుగు వెంబడే మూడంగుళాలు పక్కకు జరిగింది. అప్పుడే కర్ణాలు కొలిచి ఉంటే దాదాపు అయిదంగుళాల తేడా కనిపించేది. ఎవరూ కొలవలేదు. టైల్స్ పరిచేటప్పుడు బయటపడింది. గుమ్మం దగ్గర నిండు టైలుతో మొదలైన వరస అవతలి గోడకు చేరేసరికి చీలికలా సన్నబడిపోయింది. రేకులూ అంతే, ఒక మూల చూరు ఎక్కువ, ఇంకో మూల తక్కువ. టైల్స్ వేసినాయన్ను తిట్టుకున్నారు, పాపం.

ముగ్గు బతికేది మొదటి పార పడేదాకానే. తవ్వేవాళ్ళకు అదొక ఆనవాలు, అంతకు మించి కాదు. అసలు లెక్క ఉండేది గుంజల మీది మేకుల్లో.

పనికి ఇద్దరు సరిగ్గా సరిపోతారు. కావలసినవి: ఇనుప టేపులు రెండు, నైలాన్ దారం, చక్క గుంజలు, రెండంగుళాల మేకులు ఒక అరకిలో, పారదర్శకమైన ట్యూబు పది మీటర్లు. బట్టలాంటి ఫైబర్ టేపు వద్దు, లాగితే సాగుతుంది. కొన్ని టేపుల్లో సున్నా కొక్కెం చివర ఉంటుంది, కొన్నిట్లో రెండు మూడు అంగుళాలు లోపల ఉంటుంది. ముందే చూసుకోండి.

ముందు ముఖద్వారం వైపు పొడుగు గోడ. కంచెకు సమానంగా 16 అడుగులకు రెండు గుంజలు కొట్టి, నెత్తిన ఒక్కో మేకు దించండి. ఎడమ మేకుకు ఒక టేపు, కుడి మేకుకు ఇంకో టేపు తగిలించండి. ఒకరు రెండు టేపులూ పట్టుకుని వెనక్కి నడుస్తారు. ఎడమ టేపు 12, కుడి టేపు 20 ఎక్కడ కలుస్తాయో అదే వెనక ఎడమ మూల. రెండోవాళ్ళు అక్కడ గుంజ కొడతారు. తర్వాత తారుమారు: కుడి నుంచి 12, ఎడమ నుంచి 20. అది వెనక కుడి మూల. మూడు, నాలుగు, అయిదు కొలతలతో ముక్కోణం వేస్తే మూల సరిగ్గా వస్తుందని బేల్దారులకు తెలిసిన లెక్కే ఇది, నాలుగింతలు చేశామంతే. 12×16 పెట్టుకున్నవాళ్ళకు ఇదొక సుఖం, కర్ణంలో భిన్నాలు రావు. 12×18 అనుంటే 21 అడుగుల 7 అంగుళాల 5 నూళ్ళు అని పలక మీద రాసుకోవాల్సి వచ్చేది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కర్ణాలు రెండూ ఇరవై వచ్చాయని మురిసిపోతారు. రావా మరి, ఇరవై పట్టుకుని గుంజ కొట్టింది మనమే. అది పరీక్ష కాదు. వెనక రెండు గుంజల మధ్య ఇంకా ఎవరూ కొలవని దూరం ఉంది, అది 16 రావాలి. నూలు తేడా అయితే సరే, అర అంగుళం వచ్చిందంటే ఏదో టేపు వంగింది, లేదా ఒకరు అడుగు తప్పు చదివారు. రెండడుగుల మూలమట్టం (మూల సరిచూసే ఎల్ ఆకారపు పట్టీ) పెట్టి మూల తీసేస్తానంటాడు మేస్త్రి. రెండడుగుల దగ్గర ఒక్క నూలు తప్పితే పదహారు అడుగుల దగ్గర అంగుళం తప్పుతుంది. మూలమట్టం గోడ పేర్చేటప్పటిది, ముగ్గుకు కాదు.

టేపు నేల వెంట పరచకండి. గాలిలో మట్టంగా పట్టుకుని, చివర తూకం గుండు వేలాడదీసి చుక్క పెట్టాలి. పదహారు అడుగులకు రెండడుగుల వాలున్న నేలలో టేపును నేలకు ఆనించి కొలిస్తే ఒకటిన్నర అంగుళం మోసం.

మూలలు తేలాక అడ్డకర్రలు. ప్రతి దారానికీ రెండు చివరలా, కాలువ అంచు నుంచి నాలుగడుగులు అవతల, రెండు గుంజలు కొట్టి వాటి మీద అడ్డంగా మూడడుగుల చక్క బిగించాలి. నాలుగు దారాలకు ఎనిమిది అడ్డకర్రలు. మట్టి గది లోపలి వైపే పోయించండి, బయటికి పోస్తే అడ్డకర్రలు మునుగుతాయి.

ఒక అడ్డకర్రను దగ్గరగా చూడండి. వెలుపలి గోడ గీత నుంచి నాలుగున్నర అంగుళాలు లోపలికి గోడ నడిమి గీత, అక్కడ పెద్ద మేకు. దాని నుంచి రెండు వైపులా నాలుగున్నర అంగుళాలకు ఒక్కోటి, ఇవి ఇటుక గోడవి. తొమ్మిదికి ఒక్కోటి, పద్దెనిమిదంగుళాల రాతికట్టువి. పన్నెండుకు ఒక్కోటి, కింది రెండడుగుల రాతికట్టువి. పదిహేనుకు ఒక్కోటి, రెండున్నర అడుగుల కాలువవి. మొత్తం తొమ్మిది మేకులు, ఎనిమిది కర్రలకు డెబ్భై రెండు. చాదస్తంలా ఉంటుంది. కానీ బెడ్డు (కాలువ అడుగున పరిచే కాంక్రీటు) పోసిన మరునాడు రాతికట్టుకు దారం ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు, పదిహేను మేకు నుంచి విప్పి పన్నెండు మేకుకు కడితే సరి. నడిమి మేకుకు ఎర్రరంగు పూయండి. బేల్దారి వెలుపలి దారాన్ని నడిమి దారం అనుకుంటే గది పొడుగూ వెడల్పూ తొమ్మిదేసి అంగుళాలు పెరుగుతాయి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

నడిమి దారాలు కట్టాక వాటి లెక్క 11 అడుగుల 3 అంగుళాలు, 15 అడుగుల 3 అంగుళాలు. ఫోన్‌లో 11.25 అని చూసి, టేపు మీద 11 అడుగుల రెండున్నర అంగుళాలు పెట్టినవాళ్ళున్నారు. కర్ణం 18 అడుగుల 11 అంగుళాల 3 నూళ్ళు రావాలి. ఇప్పుడు కర్ణాలు రెండూ కొలవడమే నిజమైన పరీక్ష. అంగుళం తేడా వస్తే, ఒక పొడుగు వైపు అడ్డకర్రల మీద రెండు పొట్టి దారాల చివర్లనూ ఒకే దిక్కుకు, పొడుగు కర్ణం తగ్గేటట్టు, దాదాపు అంగుళం జరిపి మళ్ళీ కొలవండి. అడ్డకర్ర మూలకు దూరంగా ఉంది కాబట్టి అక్కడ అంత జరిపితేనే మూల దగ్గర అర అంగుళం పైచిలుకు కదులుతుంది.

అడ్డకర్రల పైఅంచులన్నీ ఒకే మట్టంలో ఉండాలి. అందుకే ట్యూబు. నీళ్ళు నింపి పట్టుకుంటే రెండు చివరలా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. నీళ్ళలో కాస్త పసుపు కలిపితే గీత బాగా కనిపిస్తుంది. లోపల ఒక్క బుడగ ఉన్నా మట్టం అబద్ధం చెబుతుంది. ట్యూబు ఎండలో పడేసి ఉంచితే బుడగలు వస్తాయి, కాబట్టి పొద్దున్నే చేయండి. చూసేటప్పుడు రెండు చివరలా బొటనవేళ్ళు తీసేయాలి. నేల ఎత్తుగా ఉన్న మూలకు అడుగున్నర పైన ఈ మట్టం పెట్టుకోండి. అదే రాతికట్టు పైమట్టం. అక్కడ దారం నుంచి కాలువ అడుగుకు నాలుగున్నర అడుగులు ఉండాలి. ఆ పొడుగున కర్ర ఒకటి కోసి ఇవ్వండి, టేపుతో పని ఉండదు.

వాలు నేలలో మాత్రం జాగ్రత్త. పల్లపు మూల రెండడుగులు కిందికి ఉంటే, అదే కర్రతో అక్కడా తవ్వితే కడకాలు నేలలోకి దిగేది ఒక్క అడుగే. పల్లంలో దారం నుంచి ఆరున్నర అడుగులు దిగాలి. మధ్యలో అడుగు లోతుకొక మెట్టు చొప్పున కాలువ అడుగును దింపుకుంటూ రావాలి. ఏటవాలుగా తవ్వితే రాతికట్టు జారుతుంది.

వాస్తు గురించి ఒక మాట, కోప్పడకండి. చూపించుకోవాలంటే ముగ్గు పోయకముందే చూపించుకోండి. దారాలన్నీ కట్టాక పెద్దాయన వచ్చి ఈశాన్యం కాస్త పెంచమంటారు, ఒక గుంజ ఆరంగుళాలు జరుపుతారు. ఆ జరిగిన గుంజ ఆ ఒక్క మూలనే కాదు, పక్క మూలలను కూడా చెడగొడుతుంది. ఈశాన్యం పెరగాలంటే స్థలంలో గది చోటు మార్చండి, గది ఆకారం కాదు. శంకుస్థాపన గుంట కూడా కాలువ గీత మీదే తవ్వించండి, లేకపోతే తర్వాత అక్కడ వదులు మట్టి మిగులుతుంది.

సామాను లెక్క, సమనేలకు. నడిమి గీత చుట్టుకొలత 53 అడుగులు. తవ్వకం సుమారు 400 ఘనపుటడుగులు. జేసీబీ పిలిస్తే బకెట్ వెడల్పు ముందు అడగండి. మూడడుగుల బకెట్ వస్తే కాలువ వెడల్పు అయినట్టే, బెడ్డు ఖర్చు అయిదో వంతు పెరుగుతుంది. ఇద్దరు కూలీలతో నాలుగు రోజుల్లో చేతిపనే నీటుగా అవుతుంది. బెడ్డు ఆరంగుళాలు, 1:4:8 పాళ్ళలో, 40 ఎం.ఎం. జల్లి: సిమెంటు 7 మూటలు, ఇసుక 32, జల్లి 63 ఘనపుటడుగులు. రాతికట్టు కింద రెండడుగుల వెడల్పున అడుగున్నర ఎత్తు, దాని మీద అడుగున్నర వెడల్పున రెండున్నర అడుగులు. మొత్తం 358 ఘనపుటడుగులు, 1:6 మాలుకు (సిమెంటు, ఇసుక కలిపినదానికి) 18 మూటలు. మన జిల్లాలో రాయికి కరువు లేదు, కానీ లోపల చిన్న రాళ్ళు కుక్కి రెండు పక్కలా ముఖం రాళ్ళు పెట్టేసే పని ఒప్పుకోకండి. ఈ వైపు నుంచి ఆ వైపుకు చేరే పొడుగు రాయి అయిదారు అడుగులకొకటి పడాలి. పైన బెల్టు (రాతికట్టు మీద చుట్టూ పోసే కమ్మీల కాంక్రీటు పట్టీ) 9×6 అంగుళాలు, నాలుగు 10 ఎం.ఎం. కమ్మీలు, నలభై అడుగుల కమ్మీలు ఆరు, సిమెంటు 5 మూటలు. మూలల్లో కమ్మిని వంచి అవతలి గోడలోకి కనీసం రెండడుగులు పంపాలి, మూల దగ్గరే తెగిపోతే బెల్టు పెట్టి లాభం లేదు. లోపల నింపడానికి రెండున్నర ట్రాక్టర్ల మొరం, అరడుగు అరడుగు చొప్పున నీళ్ళు కొట్టి దిమ్మిస వేయాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కడకాలు తెరిచి పెట్టకండి. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల కురిసిన వాన గుర్తుండే ఉంటుంది. కాలువలో నీళ్ళు నిలిస్తే తోడేసి, అడుగున బురదైన మూడు నాలుగు అంగుళాలు గీకేసి, గట్టి నేల కనిపించాకే బెడ్డు పోయాలి. గీకినచోట మట్టితో సరిచేయకూడదు, కాంక్రీటుతోనే నింపాలి.

అడ్డకర్రలు ఎప్పుడు పీకాలి? బెల్టు పోసి, ఇటుక మొదటి వరస చుట్టూ పేర్చి, ఆ ఇటుకల వెలుపలి మూలల మధ్య కర్ణాలు కొలిచి రెండూ ఇరవై అడుగులు వచ్చాక. అప్పటిదాకా వాటి మీద చొక్కాలు కూడా ఆరేయనివ్వకండి.