గ్రెప్ స్టైల్స్ కోసం కోర్సులో చేరాలా?

ప్రశ్న: బీకాం చదివాను. విజయవాడలో మా బాబాయి డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పుస్తకాలు కంపోజ్ చేస్తుంటాను. చెన్నైలో ఒక టైప్‌సెట్టింగ్ కంపెనీ ఇంటర్వ్యూలో పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని గ్రెప్ స్టైల్స్ గురించి అడిగితే చెప్పలేకపోయాను. కోర్సులో చేరమంటారా?

జవాబు: వద్దు. పేజీ కట్టడం మీకు వచ్చు, ఇక కావలసింది కొన్ని వారాల సాధన. చెన్నై, పుదుచ్చేరిల్లో విదేశీ ప్రచురణకర్తల పుస్తకాలు, జర్నళ్లు కంపోజ్ చేసే సంస్థలు చాలా ఉన్నాయి. వందల పేజీల్లో ‘పటం 3’ లాంటి ప్రతి ప్రస్తావననూ వెతికి చేత్తో బోల్డ్ చేస్తూ కూర్చుంటే అక్కడ పని సాగదు. గ్రెప్ స్టైల్స్ ఆ పని వాటంతటవే చేస్తాయి, అందుకే అడిగారు.

2008లో ఇన్‌డిజైన్ సీఎస్4 వెర్షన్‌తో వచ్చిన ఈ సదుపాయం పేరాగ్రాఫ్ స్టైల్ (పేరా మొత్తానికి రూపం ఇచ్చే సెట్టింగ్) లోపలే ఉంటుంది. నమూనా ఒకటి రాసి, దానికి సరిపోయే అక్షరాలకు ఏ క్యారెక్టర్ స్టైల్ (బోల్డ్, రంగు లాంటి అక్షరాల రూపం) వెయ్యాలో చెబుతాం. వెతికి మార్చే ఫైండ్-చేంజ్ అయితే నొక్కినప్పుడే పనిచేస్తుంది. ఇది అలా కాదు, ప్రూఫ్ దిద్దేటప్పుడు ‘పటం 9’ అని కొత్తగా చేర్చినా వెంటనే స్టైల్ పడుతుంది. రూపాన్ని మారుస్తుందే తప్ప అక్షరాన్ని ముట్టుకోదు. ఒక పేరా దాటి చూడదు.

నమూనా రాయడం కంటే అది ఎందుకు పడలేదో చెప్పగలగడమే అసలు పని. ఒకే మాట మీద రెండు నమూనాలు పడ్డాయనుకోండి. ఒకటి బోల్డ్, ఇంకొకటి రంగు అయితే రెండూ కలుస్తాయి. రెండూ రంగులే అయితే జాబితాలో కిందున్నదే చెల్లుతుంది. అదే చోట ఎవరైనా చేత్తో క్యారెక్టర్ స్టైల్ వేసి ఉంటే మాత్రం దానిదే పైచేయి. బ్రాకెట్ల మధ్య ఏమున్నా పట్టుకోమని చుక్క (ఏ అక్షరమైనా), ప్లస్ (ఒకటి లేదా ఎక్కువ సార్లు) పెట్టి వదిలేస్తే పేరాలో మొదటి బ్రాకెట్ నుంచి చివరి బ్రాకెట్ దాకా మింగేస్తుంది. ఆ ప్లస్ పక్కన ప్రశ్నార్థకం పెడితే దగ్గరి బ్రాకెట్ దగ్గరే ఆగుతుంది.

మీకు అడ్డొచ్చేది అను ఫాంటు. అందులో కొట్టింది తెర మీద తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడ్లు. ఇంగ్లిష్ మాటలకు వేరే ఫాంటు వెయ్యమంటే తెలుగు ముక్కలూ పోయి అందులో పడతాయి. కాబట్టి పాత పుస్తకం ఒకటి యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకు సొంత కోడ్లు ఉండే పద్ధతి) మార్చి, ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపుల ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే అమరిక) పెట్టి దాని మీద సాధన చేయండి. యూనికోడ్‌లో తెలుగు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. ఆ పరిధి ఒక్కటే ఇస్తే ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట రెండు ముక్కలుగా దొరుకుతుంది, ఎందుకంటే పొల్లు తర్వాత ఉండే, కంటికి కనిపించని గుర్తు కోడ్ 200సీ, అది ఆ పరిధిలో లేదు. దాన్నీ నమూనాలో చేర్చాలి.

ఈ చిక్కులన్నీ ఉన్న పది పేజీల ఇన్‌డిజైన్ ఫైలు తయారుచేసుకుని తర్వాతి ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. పీడీఎఫ్ చాలదు, వాళ్లు స్టైల్స్ ప్యానెల్ తెరిచి చూస్తారు.