నెలలు నిండని పాపను తల్లి ఛాతీ మీద పెట్టుకోవడం నిజంగా వైద్యమేనా?

మీ చెల్లెకు 31 వారాలకే కాన్పు అయింది, పాప 1,350 గ్రాములే ఉంది, వరంగల్‌లో పిల్లల ఐసీయూలో పెట్టారు అని రాశారు. డాక్టర్లు పాపను రోజూ గంటల తరబడి తల్లి ఛాతీ మీద పెట్టుకోమంటుంటే, ఇంట్లో పెద్దవాళ్లు "మిషన్లు చాలక అట్ల చెప్తున్నరు, పచ్చి బాలింతను ఇంటికి తీసుకురండి" అంటున్నారని, ఎవరి మాట వినాలని అడిగారు.

డాక్టర్ల మాటే వినండి. చెల్లెను పాప దగ్గరే ఉండనివ్వండి.

మాది హన్మకొండ. మా పాప 32 వారాలకు పుట్టింది. మా ఇంట్లోనూ ఇదే గొడవ. పైగా "ఏడో నెలల పుడితే బతుకుతరు, ఎనిమిదో నెలల పుడితే కష్టం" అని ఒక పెద్దమ్మ వార్డు బయటే మొదలుపెట్టింది. అందులో ఏమాత్రం నిజం లేదు. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువ ఉంటే పిల్లకు అంత బలం.

మిషన్ల సంగతికొస్తే, పెద్దవాళ్లు అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఈ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో పుట్టింది. అక్కడి ఆసుపత్రిలో పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే డాక్టర్ పిల్లల్ని తల్లుల ఛాతీకి కట్టించాడు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టు ఉంటుంది కాబట్టి కంగారూ కేర్ అన్నారు. అయితే అప్పటి అవసరం వేరు, ఇప్పుడు తెలిసింది వేరు. మన దేశంతో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన మూడు వేల మందికి పైగా పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపును పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద పెట్టారు. రెండో గుంపును మామూలు పద్ధతిలో, కాస్త కుదురుకున్నాక పెట్టారు. ఊపిరికి సాయం చేసే యంత్రాలు రెండు గుంపులకూ అందుబాటులో ఉన్నాయి. మొదటి 28 రోజుల్లో మరణాలు రెండో గుంపులో 15.7 శాతం, మొదటి గుంపులో 12 శాతం. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో పరిశోధనను ముందుగానే ఆపేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు ఇలా పెట్టుకోమని చెప్పింది. ఒళ్లు చల్లబడదు, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి, తల్లికి పాలు బాగా పడతాయి. అంటే అక్కడ కూర్చున్న తల్లి కూడా వైద్యం చేస్తున్నట్టే.

తల్లి ఒక్కతే చేయాలని కూడా లేదు. మా ఆవిడ ఆపరేషన్ కుట్లతో కూర్చోలేనప్పుడు నర్సులు తెర కట్టి నన్ను కూర్చోబెట్టారు. మొదట సిగ్గేసింది, తర్వాత అలవాటైపోయింది. మా పాప నిద్రలో ఊపిరి ఆపేసేది, మానిటర్ మోగేది, నర్సు వచ్చి అరికాలు తట్టేది. దానికి కెఫీన్ మందు కూడా ఇస్తారు. పేరు విని కంగారు పడకండి, కాఫీలో ఉండే ఆ కెఫీనే.

కాన్పుకు ముందు చెల్లెకు ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజక్షన్ల గురించీ అడిగారు. అవి పాప ఊపిరితిత్తుల కోసం. న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే డాక్టర్ గొర్రెల్లో కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో చూస్తుంటే, స్టెరాయిడ్ ఇచ్చాక బాగా ముందే పుట్టేసిన గొర్రెపిల్ల బతకదనుకుంటే ఊపిరి పీల్చింది. అక్కడి నుంచి తీగ లాగి, హోవీ అనే పిల్లల డాక్టర్‌తో కలిసి తల్లులకు ఇచ్చి చూసి 1972లో ఫలితాలు ప్రచురించారు. అవి పడ్డాయంటే మీ చెల్లెకు సరైన వైద్యమే అందింది.

మొదటి వారంలో పాప బరువు తగ్గితే టెన్షన్ పడకండి, ఈ పిల్లల్లో అది మామూలే.

మీరు అడగకపోయినా ఒకటి గట్టిగా చెప్తాను: కంటి పరీక్ష. మన దేశంలో 2 కిలోల లోపు లేదా 34 వారాల లోపు పుట్టిన పిల్లలందరికీ 30 రోజుల్లోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయాలి. కన్ను పైకి చక్కగానే కనిపిస్తుంది, లోపల రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతుంటాయి. వేళకు పట్టుకుంటే లేజర్‌తో చూపు నిలబెట్టవచ్చు, దాటిపోతే చేసేదేమీ ఉండకపోవచ్చు. చాలామంది ఇంటికి రాగానే తొట్టెల ఫంక్షన్ హడావుడిలో పడి దీన్ని మరిచిపోతారు. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాయించుకోండి. మా పాపకు రెటీనా ఇంకా ఎదగలేదని మళ్లీ మళ్లీ పిలిచారు, లేజర్ అవసరం పడలేదు.

టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి. మెడ నిలపడం, కూర్చోవడం మాత్రం అసలు డెలివరీ తేదీ నుంచి లెక్కపెట్టి చూడండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. ఇంటికొచ్చాక సాంబ్రాణి పొగ, ఉగ్గు వద్దు. ఛాతీ మీద పెట్టుకోవడం ఇంట్లోనూ సాగించండి, కాస్త బరువు పెరిగాక పాపే తన్నుకుని బయటికి వచ్చేస్తుంది. పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.